‘రెండో నంబరు’ రాసింది ఎవరు?

2023వ సంవత్సరం. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు హడావుడి ముగిసి దోహా మళ్ళీ తన పనుల్లో పడింది. నేను ఇక్కడ ఒక పెద్ద గ్రంథాలయంలో కేటలాగర్‌గా పనిచేస్తున్నాను. మా విభాగం కింది అంతస్తులో, పాఠకుల కంటపడని చోట ఉంటుంది. "పుస్తకాలకు నంబర్లు అంటించే ఉద్యోగమటగా" అంటారు మా చుట్టాలు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు అవునని ఊరుకుంటున్నాను.

నంబర్ల సంగతి అలా ఉంచితే, మా పనిలో అసలు తలనొప్పి మనుషుల పేర్లు. ఒకే రచయిత ఒక పుస్తకం మీద ఇంటిపేరుతో, ఇంకోదాని మీద పొడి అక్షరాలతో, మూడోదాని మీద కలం పేరుతో కనిపిస్తాడు. కంప్యూటర్ దృష్టిలో వాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురూ ఒకరేనని తేల్చి, ఒక పేరు ఖాయం చేసి, మిగతా పేర్లను దానికి ముడివేసి పెట్టేదాన్ని అథారిటీ రికార్డు అంటారు. మీరు ఏ పేరుతో వెతికినా ఆ మనిషి దగ్గరికే చేరాలి. ఒక మనిషికి ఒకే రికార్డు, ఒక రికార్డుకు ఒకే మనిషి. హన్మకొండ నుంచి హైదరాబాదు వెళ్ళి ఈ చదువు చదివిన రోజు నుంచీ నాకు ఇదే వేదవాక్కు. తప్పుడు రికార్డు కంటపడితే ఆ పూట నాకు అన్నం సయించదు. ఈ జబ్బు మా ఆయనకు బాగా తెలుసు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఫ్రెంచి పుస్తకాలు చూసే మా మొరాకో సహోద్యోగి సమీరా అయిదు పుస్తకాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఎవరో రచయిత్రి గ్రంథాలయానికి కానుకగా ఇచ్చినవట. నాలుగు నవలలు. వాటి మీద రచయిత్రి పేరు కమలిని. అయిదోదాని మీద మాత్రం రచయిత్రి ‘సీత’ అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ‘తెలుగు నుంచి అనువాదం: కమలిని’.

"మీ భాషే కదా, మీరే తేల్చండి. యల్లా, ఇక కానివ్వండి" అని సమీరా చక్కా పోయింది.

అనువాదమంటే మూలం ఉండాలి. మూల గ్రంథం పేరు రికార్డులో రాయడం మా పద్ధతి. పుస్తకం పేరు తెలుగులో చెప్పాలంటే ‘రెండో నంబరు’. ఆ పేరుతో తెలుగులో ఏ పుస్తకమూ దొరకలేదు. పెద్ద గ్రంథాలయాల జాబితాలన్నీ గాలించాను. హైదరాబాదులో నాకు పాఠం చెప్పిన మాస్టారికి ఫోన్ చేశాను. "సీత అంటే ఏ సీతమ్మా? ఇంటిపేరు లేదా?" అని ఆయన నన్నే ఎదురు అడిగారు. ఇంటిపేరు లేదు, పుట్టిన ఊరు లేదు, అట్ట వెనక ఫొటో కూడా లేదు.

నాకు ఫ్రెంచి రాదు. ఫోను పుస్తకం మీద పెడితే వచ్చే వంకర అనువాదంతో మొదటి పేజీలు చదివాను. ఎవరో ఆవిడ ‘పాపా’ అని పిలుస్తూ బాల్కనీలో ఆరేసిన బట్టల గురించి, ఉడికీ ఉడకని పప్పు గురించి చెబుతోంది. మధ్యలో, నువ్వు నా కడుపున పుట్టావు గాని నా చేతుల్లో పెరగలేదు, మా అక్క చేతుల్లో పెరిగావు అంటుంది. ఇంకో పేజీలో మళ్ళీ బట్టలు. ఇది నవలో, ఆత్మకథో, ఉత్తరాలో తేలలేదు. ఏ విభాగంలో పెట్టాలో అసలు తోచలేదు.

ఇంట్లో ఈ గోలంతా విని మా ఆయన శ్రీనివాస్ అన్నాడు. "నీకెందుకు పద్మా గీ లొల్లి? పుస్తకం మీద ఏముంటె గది రాయి. అయిపాయె."

"గట్లెట్ల రాస్తరు? ఆ సీత ఉన్నదో లేదో తెల్వద్దా?"

"ఉంటె ఉంటది, లేకుంటె లేదు. నీకైతె నిద్ర లేదు" అని నవ్వాడు.

మూడు రోజులు తర్జనభర్జన పడి ఒక నిర్ణయానికి వచ్చాను. సీత అనే మనిషి లేదు. కమలినిగారే రాసి, ఎవరో రాసినట్టు, తాను అనువదించినట్టు కల్పించారు. రచయితలకు ఇలాంటి సరదాలుంటాయి. అలాగైతే ‘సీత’ను కమలినిగారి మారుపేరుగా ముడివేయాలి. కానీ రుజువు కావాలి కదా. కానుక పత్రంలో ఫోన్ నంబరు ఉంటే చేశాను.

"అబ్బ, తెలుగావిడా! లైబ్రరీలో తెలుగు వాళ్ళుంటారని నేననుకోలేదండీ. ఫోన్‌లో ఎందుకు, శనివారం ఇంటికొచ్చేయండి, కాఫీ తాగుదురుగాని" అందావిడ. ఉద్యోగరీత్యా మేము రచయితల ఇళ్ళకు వెళ్ళే ఆనవాయితీ లేదు. తెలుగు మాట వినేసరికి నా మనసాగలేదు.

ఉమ్ ఘువైలినా పేటలో పాత భవనం, నాలుగో అంతస్తు. కమలినిగారికి డెబ్భై ఏళ్ళుంటాయి. తెల్లటి జుట్టు మెడ దాకా కత్తిరించి, నేత చీర కట్టుకుని ఉన్నారు. పనిమనిషిని "నూకరత్నం, కాఫీ" అని పిలిచి, నేను అడక్కుండానే తన కథ మొదలుపెట్టారు.

ఆవిడది యానాం. తండ్రి ఫ్రెంచి సైన్యంలో చేశాడు. ఊరు ఇండియాలో కలిసినప్పుడు ఆ కుటుంబం ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకుంది. ఈవిడను పాండిచ్చేరిలో హాస్టల్లో ఉంచి చదివించారు. అక్కణ్ణించి ఫ్రాన్సు. అక్కడే పెళ్ళి. చమురు కంపెనీలో చేసే భర్త వెంట దేశాలు తిరుగుతూ బళ్ళలో ఫ్రెంచి చెప్పారు. చివరికి దోహాలో స్థిరపడ్డారు. భర్త పోయాడు. కూతురు ఈ ఊళ్ళోనే, వెస్ట్ బేలో ఉద్యోగం చేస్తోంది.

"నాలుగు నవలలు రాశానండి. నాలుగూ మా అమ్మ గురించే. పేర్లు మార్చాను, ఊళ్ళు మార్చాను, మనిషి మాత్రం అమ్మే. ఆవిడకి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. మొదటి నవల అచ్చయినప్పుడు తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. అట్ట తడిమి, కళ్ళకద్దుకుని, బీరువాలో పెట్టేసింది. ఇందులో ఏం రాశావే అని ఏనాడూ అడగలేదు. అడిగితే చెప్పగలిగే దాన్ని కాదు. తెలుగులో నోరు పెగలని మాటలన్నీ ఫ్రెంచిలో ధైర్యంగా రాసేశాను. అమ్మ పోయింది. తర్వాత పదేళ్ళు ఒక్క వాక్యం రాయలేకపోయాను. ఇంక ఎవరికి తెలియకుండా దాక్కుని రాయాలి?"

నాకు ఆవిడ మీద జాలీ, మాట మీద అనుమానమూ ఒకేసారి కలిగాయి. "మరి ఈ సీత ఎవరండీ?" అన్నాను.

"సీత ఉంది."

"ఎక్కడుంది?"

"ఉందని చెప్పాను కదండీ. అంతవరకు రాసుకోండి."

"మూలం అచ్చయిందా?"

"లేదు."

"చేతిరాతా?"

"కాదు."

"మరి మీరు దేన్ని అనువదించారు?"

ఆవిడ నవ్వి ఇంకో బిస్కెట్ తీసుకోమన్నారు. సీత ఉందట, ఆమె పుస్తకం లేదట, లేని పుస్తకాన్ని ఈవిడ అనువదించిందట. పందొమ్మిదేళ్ళ సర్వీసులో నాకు ఇలాంటి జవాబులు ఎవరూ ఇవ్వలేదు. పిచ్చి నాకా ఆవిడకా అనుకుంటూ లేచాను.

నూకరత్నం లిఫ్టు దాకా వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. కోనసీమ మనిషని మాటలోనే తెలుస్తోంది. లిఫ్టు వచ్చేలోగా చిన్నగా అడిగింది.

"అమ్మా, ఆ పుత్తకం మీ ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారా అండి?"

"పెడతామమ్మా. మా కేటలాగు ప్రపంచంలో ఎక్కడున్నా తెరిచి చూడొచ్చు" అన్నాను గొప్పగా.

"మా ఊల్లో కూడానా?"

"మీ ఊళ్ళో కూడా. ఫోనులోనే."

"తెలుగులో కూడా కనపడుద్దా అండి?"

"కావాలంటే అది కూడా పెట్టొచ్చు."

"ఆయ్" అంది. ఇంకేమో అనబోయి ఆగిపోయింది. లిఫ్టు తలుపు మూసుకుంది.

కిందికి దిగేలోగా నాకు బుర్ర వెలిగింది. బాల్కనీ, బట్టలు, ఉడికీ ఉడకని పప్పు. ఆ ఇంట్లో బాల్కనీ నిండా ఆరేసిన బట్టలు నేనే చూశాను. పుస్తకంలో మాట్లాడేది ఈ నూకరత్నమే! అంటే కమలినిగారు కల్పించలేదు. పనిమనిషి కథ తీసుకుని, ఆమె పేరు మింగేసి, సీత అని ఏదో ఒక ముసుగు తగిలించింది. పాపం ఆ మనిషి తన పుస్తకం ఊళ్ళోవాళ్ళకు కనిపిస్తుందా అని ఎంత ఆశగా అడిగింది! నాకు రక్తం ఉడికిపోయింది. రాసినవాళ్ళ పేరు రాసినవాళ్ళకు దక్కేలా చూడటానికే కదా మేమున్నది.

అడిగి ఉండాల్సింది. ఒక్క ఫోన్ చేసి, నూకరత్నంతో ఒక్క మాట మాట్లాడి ఉండాల్సింది. అడగలేదు. ఆ ముఖంలో కనిపించింది ఆశ అని నేనే అనేసుకున్నాను.

ఇక్కడ పనివారం ఆదివారంతో మొదలవుతుంది. ఆ పొద్దున ఆఫీసుకు వెళ్ళగానే రికార్డు చేశాను. రచయిత్రి: సీత. దానికి ముడివేసిన అసలు పేరు: నూకరత్నం. ఇంగ్లీషు అక్షరాల్లోనూ, తెలుగు లిపిలోనూ. మా దగ్గర సారాంశం అని ఒక గడి ఉంటుంది, పుస్తకం దేని గురించో రెండు వాక్యాల్లో రాస్తాం. ఉత్సాహం పట్టలేక అది కూడా తెలుగులో రాశాను. ‘కూతుర్ని అక్కకు పెంపకానికి ఇచ్చి గల్ఫ్‌కు వచ్చిన ఒక తల్లి, ఆ కూతురితో చెప్పుకున్న మాటలు’ అని. మా హెడ్ ఉస్తాద్ ఇద్రీస్, సుడాన్ ఆయన, వచ్చి చూసి "మీ భాష అక్షరాలు గుండ్రంగా భలే ఉన్నాయి" అని మెచ్చుకుని వెళ్ళాడు.

అంతటితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నం భోజనాల వేళ ఇక్కడి తెలుగు సంఘం కార్యదర్శి రమణగారికి ఫోన్ చేసి చెప్పాను. మంచి మనిషి. ఎవరికి ఏ కష్టమొచ్చినా పరుగెత్తుతాడు. కాకపోతే ఎవరికైనా సన్మానం చేయకపోతే ఆయనకు తోచదు.

"ఏంటండీ, ఇంటి పని చేసుకునే మన తెలుగావిడ పుస్తకం ఫ్రెంచిలో వచ్చిందా! ఉగాదికి వేదిక మీద శాలువా కప్పేద్దాం. మీరు లింకు పంపండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను."

లింకు పంపాను.

మంగళవారం పదిన్నరకు పై అంతస్తు నుంచి పిలుపొచ్చింది. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు నా కోసం వచ్చారట. ఒకరు గట్టిగా మాట్లాడుతున్నారట. వెళ్ళి చూస్తే కమలినిగారు, ఆవిడ వెనక నూకరత్నం. చదువుకునేవాళ్ళందరూ తలలెత్తి చూస్తున్నారు. ఇద్దరినీ పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్ళాను.

కమలినిగారు తన ఫోను బల్ల మీద పడేశారు. అందులో రమణగారి ప్రకటన. ‘మన దోహాలో మన ఆణిముత్యం! గోదావరి బిడ్డ శ్రీమతి నూకరత్నం గారికి ఘన సన్మానం’ అని, పుస్తకం అట్ట బొమ్మ, పూల బొమ్మలు, కింద నా సారాంశం అక్షరం పొల్లుపోకుండా.

"ఎవరండీ మిమ్మల్ని అడిగారు? సీత అని అచ్చేశాను కదా! ఎందుకేశానో ఆలోచించారా?"

"మీరు ఆవిడ పేరు దాచారు" అన్నాను నేను కూడా తగ్గకుండా.

"దాచమన్నది ఎవరో ఆవిణ్ణే అడగండి!"

నూకరత్నం ఏడవడం లేదు. చీర కొంగు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, నా ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"మా ఆయన పడవ మీద నుంచి పడి పోయాడండి. అప్పటికి పాపకి పదకొండో నెల. మా అక్కకి పిల్లల్లేరు. నేను గల్ఫు ఎల్తానంటే అక్క ఒకటే మాటంది. ‘పిల్లని ఇచ్చేత్తే పూర్తిగా ఇచ్చెయ్యి. నన్ను అమ్మా అనాలి, నిన్ను పిన్నీ అనాలి. ఇద్దరమ్మలుంటే పిల్ల ఎవరికీ కాకుండా పోద్ది’ అని. సేతిలో సెయ్యేసి ఆయ్ అన్నాను. ముందు ఇంకో ఇంట్లో పదకొండేళ్ళు సేశాను, తరవాత మేడమ్ గారి దగ్గిర. ఇప్పటికీ అది నన్ను పిన్నీ అనే అంటది."

"మరి పుస్తకం?"

"పుత్తకం కాదండి. ఇంకో సిమ్ము కొనుక్కుని పాత ఫోనులో ఏసుకున్నాను. ఆ నంబరుకి ‘పాప’ అని పేరెట్టుకున్నాను. బట్టలారేసేటప్పుడు దానికి వాయిస్ మెసేజులు పెట్టుకునేదాన్ని. రెండు టిక్కులు పడతాయి కదండి, అందినట్టుంటది. శుక్కురారం పెట్టెలోంచి ఆ ఫోను తీసి నేనే ఇనేదాన్ని. అప్పుడు టిక్కులు నీలంగా అవుతాయి."

అప్పటికి గాని ‘రెండో నంబరు’ అంటే ఏమిటో నాకు తెలియలేదు.

"ఒకసారి బాల్కనీలో మాట్లాడుతుంటే విన్నాను" అన్నారు కమలినిగారు, గొంతు తగ్గించి. "పదేళ్ళుగా నాకు ఒక్క వాక్యం రాలేదన్నానే, ఆ మాటలు వింటుంటే చెయ్యి లాగింది. వినిపిస్తావా అని అడిగాను. ఆర్నెల్లు ఒప్పుకోలేదు. తర్వాత రెండొందల పదకొండు మెసేజులూ వినిపించింది. పబ్లిషరు, ఇది మీ అయిదో నవలగా వేస్తాం, సీతా గీతా ఎవరికి కావాలి అన్నాడు. కాదన్నాను. ఇందులో నా మాట ఒక్కటి లేదు. నేను తర్జుమా చేసిందాన్ని మాత్రమే, వొయలా, అంతే."

మొదట ఈవిడ సీతను కల్పించిందనుకున్నాను. తర్వాత దొంగిలించిందనుకున్నాను. చూడబోతే తన పేరు మీద రావాల్సిన నవలను ఆవిడే వద్దనుకుంది. తల దించుకున్నాను. అయినా ఒక ముడి విడలేదు. నూకరత్నాన్నే అడిగాను.

"అంత రహస్యమైతే అచ్చు ఎందుకు వేయనిచ్చావమ్మా?"

"ఎక్కడో ఒకసోట ఉండాలనిపించిందండి. ఫ్రెంచి అయితే మావోళ్ళెవరికీ రాదు, అందులో దాక్కుని ఉంటదిలే అన్నారు మేడమ్. అందుకే ఆయ్ అన్నాను. అది దానికి సెప్పుకున్న మాటే, దానికి తెలవకూడని మాట. రెండూ నిజమేనండి. మా పక్కూరి కుర్రోళ్ళు ఇక్కడ లేబరు క్యాంపులో ఉన్నారు. ఈ బొమ్మ ఈపాటికి ఊరెల్లిపోయుంటది. అది సూత్తే అక్క మొకం ఎలా సూడను? పిల్ల ఎవర్ని అమ్మా అంటది?"

నేను కిందికి పరుగెత్తి రికార్డులోంచి అసలు పేరు, సారాంశం రెండూ తీసేశాను. రమణగారికి ఫోన్ చేశాను.

"వెంటనే తీసేయండి రమణగారూ. సన్మానం లేదు, ఏం లేదు."

"సన్మానం వద్దంటారేంటండీ? శాలువా కూడా తెప్పించేశాం! ఆవిడకి ఇష్టం లేదా, మీకు ఇష్టం లేదా?"

"ఆవిడకు. నాకు. అందరికీ. దయచేసి తీసేయండి."

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, నా గొంతు విని తీసేశాడు. అప్పటికి ఆ ప్రకటన ఎన్ని గ్రూపులు దాటిందో ఎవరికీ తెలియదు. ఫరీజ్ బిన్ మహమూద్‌లో మా ఇంటికి వెళ్ళాక శ్రీనివాస్‌కు జరిగింది చెప్పాను. ఈసారి అతను నవ్వలేదు. "అడుగకపోతివి గద" అన్నాడు. అంతే.

తొమ్మిది రోజులు ఏమీ జరగలేదు. పదో రోజు, పాఠకులు ప్రశ్నలు పంపే మా పెట్టెలో తెలుగులో ఒక సందేశం వచ్చింది. తెలుగు కాబట్టి నా దగ్గరికి పంపారు. అడుగున ఒక అమ్మాయి పేరు, కోనసీమలో ఒక ఊరి పేరు.

‘మేడమ్, మా పిన్ని గారి పుస్తకం మీ లైబ్రరీలో ఉందని మా ఊరి గ్రూపులో చూశాం. తర్వాత తెరిస్తే ఆ మెసేజ్ లేదు. మా అమ్మకు కళ్ళు సరిగా కనపడవు. చెల్లి ఏం రాసిందో చదివి వినిపించమని రోజూ అడుగుతోంది. తెలుగులో ఉందా?’

దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. ఈ పిల్ల సారాంశం చదివిందా? చదివితే ఇంత మామూలుగా ఎలా రాస్తుంది? చదవకపోతే పుస్తకం కోసం ఇంత పట్టుగా ఎందుకు అడుగుతుంది? పాఠకుల ప్రశ్నకు రెండు రోజుల్లో జవాబివ్వడం మా నియమం. ఈసారి మాత్రం అడగకుండా ఏదీ చేయదలచుకోలేదు. ఉమ్ ఘువైలినా వెళ్ళి నూకరత్నానికి చదివి వినిపించాను.

"పిన్ని అనే రాసిందా?" అంది.

"పిన్ని గారు అని రాసింది."

"గారు ఎప్పుడూ అనదే!"

"ఆఫీసుకు రాసింది కదమ్మా, మర్యాదకి రాసి ఉంటుంది" అన్నారు కమలినిగారు.

"అంతేనంటారా?" అని నూకరత్నం మా ఇద్దరి ముఖాలూ చూసింది. ఒకరు నాలుగు నవలలు రాసిన మనిషి, ఒకరు పేర్ల గుట్టు విప్పడమే బతుకుగా ఉన్న మనిషి. ఇద్దరికీ తెలియలేదు. మళ్ళీ చదవమంది. మూడోసారి చదివినప్పుడు వేరే చోట ఆపింది.

"అక్క అడిగిందా? అక్కే అడిగిందా?"

"రోజూ అడుగుతోందట."

"తెలవకూడదని ఒట్టేయించుకుంది అక్కే కదండి. మరి ఇనాలని ఎందుకడుగుతంది?" అంది. చివరికి, "తెలుగు పుత్తకం లేదని రాసెయ్యండమ్మా. నిజమే కదా" అంది.

అలాగే రాశాను. అందులో అబద్ధం ఏమీ లేదు. అయినా పంపాక మనసు చివుక్కుమంది.

ఈ కేసు నాకు నేర్పింది చెప్పమంటే ఒకటే చెప్పగలను. పేర్లన్నీ విప్పి ఒకదానికొకటి కట్టడమే న్యాయమని ఇన్నేళ్ళూ నమ్మాను. విడిగా ఉంచుకున్న పేరుకు దాని కారణం దానికి ఉండొచ్చని, ఆ కారణం నాకు చెప్పాల్సిన పని ఎవరికీ లేదని నాకు తట్టలేదు. ఇప్పుడు బతికున్న రచయిత రికార్డు చేసేముందు ఒక ఫోన్ చేస్తాను. ‘ఈ పేరు ఎవరికీ కనపడకూడదా?’ అని అడుగుతాను. చాలామంది ఇదేం ప్రశ్న అని నవ్వుతారు. ఒకరిద్దరు మాత్రం కాసేపు ఆగి జవాబిస్తారు. మా పద్ధతిలో, పూర్తిగా తేలని రికార్డును ప్రొవిజనల్ అని, అంటే తాత్కాలికమని, గుర్తుపెట్టి ఉంచే వీలుంది. అలాంటివి బల్ల మీద ఉంటే నాకు గిట్టేది కాదు. సీత రికార్డుకు ఆ గుర్తు పెట్టాను. ఉస్తాద్ ఇద్రీస్ రెండుసార్లు అడిగాడు. తేలలేదని చెప్పాను.

నా తప్పు వల్ల ఎవరికో మంచి జరిగిందని చెప్పుకునే మొహం నాకు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఏప్రిల్ చివర్లో ఒక శుక్రవారం నూకరత్నం ఫోన్ చేసింది.

"అమ్మా, మొదటి మెసేజి అక్కకి పంపేశాను."

"అక్కకు కళ్ళు కనపడవు కదమ్మా? ఫోను ఎవరు తీసి వినిపిస్తారు?"

"పాపేనండి. అక్క ఫోను అదే నొక్కి ఇనిపిత్తది. అది తెలిసే పంపాను."

"విన్నారా?"

"నీలం టిక్కులు పడ్డాయండి. రెండ్రోజులు ఏ మాటా లేదు. నాకు అన్నం దిగలేదు. నిన్న అక్క నంబరు నుంచి వాయిస్ వచ్చింది. ఇంకోటి పంపమని."

"ఎవరు మాట్లాడారు? అక్కా, పాపా?"

"ఇద్దరి గొంతులూ ఇనపడ్డాయండి అమ్మా" అంది నూకరత్నం.